రేకపల్లియు విలసయు: గోదావరి యెగువ జనపదముల చరిత్ర

గోదావరీనది త్ర్యంబకమునొద్దఁ బుట్టి 1465 కిలోమీటర్లు నడచి సముద్రమును జేరునప్పటికి దానికిఁ బెక్కు పేరులు గలిగినవి. మలికిపురము, దిండి, అంతర్వేది మున్నగు గ్రామములవారికి నది వాసిష్ఠ; వారికిఁ దూర్పుననున్నవారికి వైనతేయ; ఇంకను దూర్పునకుఁ బోయినచో గౌతమి. కోనసీమవాసులకు సప్తర్షుల పేరులతోఁ గూడిన యీ శాఖల మాహాత్మ్యము చిరపరిచితము. శ్రీనాథుఁడు భీమేశ్వరపురాణమున సప్తగోదావరమును వర్ణించెను. స్థలపురాణములు తక్కినదానిని బూరించినవి. కాని ధవళేశ్వరమున కెగువ నున్న గోదావరినిగూర్చి, దాని యొడ్డున వసించు జనులనుగూర్చి మన గ్రంథములలోఁ గనఁబడునది మిక్కిలి స్వల్పము. నదికి సముద్రసంగమమున నొక చరిత్ర, కొండల నడుమ నింకొక చరిత్ర యుండునా? నది యొక్కటే యైనపుడు చరిత్రయు నొక్కటియే కావలెను. ఆ యేకత్వమును దెలుపు ప్రమాణములు కొన్ని కలవు. వానిని గాలక్రమమునఁ జూపుట యీ వ్యాసమునకు విషయము.

ముందుగా దేశస్వరూపము. ప్రాణహిత, ఇంద్రావతి యను నదులను గలుపుకొని గోదావరి భద్రాచలమును దాఁటి, కూనవరమునొద్ద శబరీనదిని గలుపుకొనును. అటనుండి తూర్పుకనుమలను జీల్చుకొని వచ్చుచు, ఎగువను మైలు వెడల్పుగాఁ బాఱిన నది పాపికొండల నడుమ మిక్కిలి యిఱుకై, లోతై, వేగవంతమై యుండును. కొండలు రెండువైపుల విడివడి నడుమ నీటిదారి తలవెండ్రుకల నడిమి పాపిడివలెఁ గనఁబడుటచేఁ బాపిడికొండలనియు, నదియే పాపికొండలైనదనియు జనులు చెప్పుదురు. పోలవరమునొద్దఁ గొండలు ముగిసి నది విశాలమగును. ఆ యిఱుకులో, ఒడ్డున ననేకపల్లెలు గలవు. కొండమొదలు, కోయిదా, కాకిసనూరు, పేరంటాలపల్లి మున్నగువాని కిటీవలివఱకు నదియే రాజమార్గము. వైద్యునికొఱ కైనను, సంతకొఱ కైనను, న్యాయస్థానమునకైనను బడవ యెక్కకపోయినచో వేఱుదారి లేకుండెను.

ఈ సీమయందలి ప్రధానజాతులు కోయలు, కొండరెడ్లు. కోయల భాష ద్రావిడభాషలలో గోండీకిఁ జేరువైనది. కొండరెడ్ల భాష తెలుఁగే. వారికి వేఱొకభాష లేదు. ఈ సంగతి భాషాపరిశోధకులు విశేషముగా గమనింపఁదగినది. మన వ్యాకరణములు తత్సమ తద్భవ దేశ్య గ్రామ్యములని పదములను విభజించినవి. దేశ్యమునకు లక్ష్యములను మాత్రము కావ్యములనుండియే గ్రహించినవి. అడవిలోఁ బుట్టి, యడవిపనులను జెప్పుటకై తెలుఁగునే వాడుకొనుచు, కావ్యములతో నించుకయు సంబంధము లేక యనేకతరములు జీవించినవారి నోట దేశ్యమెట్లుండునో విచారించిన వ్యాకర్తలు లేరు. పోడు, గండి, రేవు, వాగు, కోన మున్నగు మాటలు మనకు నిఘంటువులలోని పదములు, వారికి నిత్యవ్యవహారము. ఇందులోఁ గోనశబ్దము ముఖ్యము. తెలుఁగునఁ గోన యనఁగాఁ గొండల నడిమి లోయ. కొండయే లేని డెల్టాకుఁ గోనసీమ యను పేరెట్లు కలిగెనని ప్రశ్న పుట్టఁగా, నిది సంస్కృత కోణశబ్దమునుండి వచ్చినదనియు, నదికిని సముద్రమునకును నడుమ మూలగా నున్న సీమయనియుఁ బలువురు సమాధానము చెప్పిరి. అది సమంజసముగనే యున్నది. అయినను నది యెగువకొనను దేశ్యమైన కోనయు, దిగువకొనను దద్భవమైన కోనయు నుండుట భాషలో నొక చిత్రము.

ఈ రెండు కోనలకును సంబంధము కల్పించిన మొదటి లిఖితప్రమాణము విలసతామ్రశాసనము. 1323 లో ఓరుగల్లు ఢిల్లీసుల్తాను సేనలకు వశమయ్యెను. ప్రతాపరుద్రుఁడు బందీయై పోవుచు నర్మదాతీరమునఁ బరలోకగతుఁడయ్యెను. ఆ విపత్సమయమున ముసునూరి ప్రోలయనాయకుఁడు దేశమును మరల సంఘటించిన వృత్తాంత మీ శాసనమునఁ గలదు. ఆతఁడు తనకు రాజధానిగా నేర్పఱచుకొన్న స్థలము రేకపల్లి. అది మాల్యవంతపర్వతసమీపమున, గోదావరీతీరమున నున్నట్లు శాసనము చెప్పుచున్నది. భద్రాచలపు సీమలో శబరీసంగమమునకుఁ జేరువనున్న రేకపల్లియే యిది యని పండితులు నిర్ణయించిరి. ఆ ప్రభువు విచ్ఛిన్నములైన యగ్రహారములను బునరుద్ధరించుచుఁ గోనసీమయందలి విలసగ్రామము నొక విద్వాంసునకు దానముచేసెను. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1945 లో ముసునూరివారి చరిత్రను బ్రత్యేకగ్రంథముగా వ్రాసిరి. పిమ్మట నేలటూరి వేంకటరమణయ్యగారును వారును గలిసి విలసశాసనమును బరిష్కరించి ప్రకటించిరి. 1423 నాఁటి కలువచేఱు శాసనమును బ్రోలయనాయకుని స్మరించుచున్నది.

ఈ శాసనమునుండి పండితులు రాజకీయచరిత్రను జక్కగా గ్రహించిరి. కాని దీనియందు మఱియొక యర్థము గలదు. సమస్తదేశము శత్రువశమైనపుడు దేశోద్ధరణమున కుపక్రమించిన నాయకుఁడు కోటలున్న పట్టణములను విడిచి యా కొండయిఱుకు నేల యాశ్రయించెను? అశ్వసైన్యము కొండలలోఁ బ్రవేశింపలేదు. నది మార్గమును, దుర్గమును దానే యగును. దిగువకు దిగినచో రెండుమూఁడు దినములలో సమతలము, తరువాత డెల్టా. ఇంతవఱకు నందఱు నొప్పుదురు. అయితే దుర్గమమైన యడవిలో రాజధాని నిలుచుటకు దారులెఱిఁగినవారు, పడవలు నడపువారు, ధాన్యము నొసఁగువారు నుండవలెను గదా. వారా కొండవాసులు గాక వేఱొకరు కాఁజాలరు. శాసనము వారిని బేర్కొనలేదు. దాత పేరును, ప్రతిగ్రహీత పేరును, గ్రామసీమలును లిఖించుట శాసనధర్మము; ఆశ్రయమిచ్చినవారిని లిఖించుట దాని ధర్మము కాదు. కాఁబట్టి వారి సాహాయ్యము ప్రత్యక్షప్రమాణముచేఁ గాక యర్థాపత్తిచేతనే సిద్ధించుచున్నది. పగలు భుజింపని దేవదత్తుఁడు పుష్టిగా నున్నాఁడన్నచో రాత్రి భుజించుచున్నాఁడని గ్రహించుట యెట్లో, యిదియు నట్లే.

పదునాల్గవశతాబ్దమున రాజధానియైన రేకపల్లి పిమ్మటఁ జిరకాలము గ్రంథస్థచరిత్రనుండి తొలఁగెను. కాపయనాయకుఁడు 1336 ప్రాంతమున నోరుగల్లు నాక్రమించుటతో రాజధాని యటకు మాఱెను. పదునేడవశతాబ్దమునఁ గంచెర్ల గోపన్న భద్రాచలమున రామాలయమును గట్టించి రామదాసుగాఁ బ్రసిద్ధుఁడగుటచే నా సీమ పేరు తెలుఁగునాఁట నింటింట వినఁబడెను. అయినను యాత్రికుల దృష్టి దేవాలయముకడ నిలిచెను. దానికిఁ జుట్టునున్న కోయపల్లెలపై వ్యాపింపలేదు.

మరల రేకపల్లి పేరు ప్రభుత్వపత్రములకెక్కుట యుపద్రవకారణముననే. 1860 లో నిజాముప్రభువు గోదావరికి నెడమయొడ్డుననున్న భద్రాచలము, రేకపల్లి తాలూకాలను బ్రిటిషువారికి విడిచెను. అవి మొదట మధ్యపరగణాలలోఁ జేర్పఁబడి, 1874 లో మదరాసురాజధానియందలి గోదావరిజిల్లాకు మార్పఁబడెను. మధ్యపరగణాల యేలుబడిలోఁ బోడుకొట్టువాఁడు గొడ్డలి యొక్కంటికి నాలుగణాలు పన్నుచెల్లించి తన కిష్టమైనచోట సాగుచేసికొనుచుండెను. మదరాసుప్రభుత్వము వచ్చినపిదపఁ బన్ను రమారమి మూఁడింతలయ్యెను. మంచి యడవులలోఁ బోడు నిషేధింపఁబడెను. కొలఁదిపాటి వ్యవహారము వలెఁ దోఁచు నీ మార్పు వారికిఁ బ్రాణసంకటమయ్యెను. పోడనునది యేటేట స్థలము మార్చుచు, విడిచిన నేల నడవికిఁ దిరిగి యిచ్చు సేద్యము. గొడ్డలిపై వేసిన పన్ను మనుష్యుని శ్రమను గొలుచును. భూమిని హద్దుపఱచి వేసిన పన్ను మనుష్యుని యొకచోఁ గట్టివేయును. ఈ భేదమును గ్రొత్తగా వచ్చిన యధికారులు గుర్తింపలేదు.

అదేకాలమున దిగువనున్న రంపసీమలో వేఱొక దుఃఖము ప్రబలుచుండెను. కొండవారు జీలుగుచెట్లనుండి కల్లుతీసికొని త్రాగుట యనాదిసిద్ధము. అబ్కారీచట్టము ననుసరించి కల్లు హక్కులను గుత్తదారుల కిచ్చుటతో నా స్వాతంత్ర్యము పోయెను. మన్సబుదారుఁడు చిగురుపన్నను పేర వేఱుగా వసూలుచేయుచుండెను. మైదానమునుండి వచ్చిన వర్తకులు కొండవారితో నొడంబడికలు వ్రాయించుకొని, దూరమునందలి న్యాయస్థానములలోఁ బ్రతివాది రాకుండఁగనే తీర్పులు పొంది, వారి పశువులను, ధాన్యమును జప్తుచేయుచుండిరి. 1879 మార్చిలో రంపతిరుగుబాటు చెలరేఁగెను. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య మున్నగువారు నాయకులైరి. కొన్నినెలలలో నది రేకపల్లిసీమకును వ్యాపించెను. 1880 లోఁ జంద్రయ్య మరణించెను, క్రమముగాఁ దిరుగుబాటు చల్లాఱెను, మన్సబుదారుఁడు తొలఁగింపఁబడెను. విచారణకు వచ్చిన రెవిన్యూబోర్డుసభ్యుఁడు సల్లివన్ పైకారణములనే పేర్కొనుట గమనింపఁదగినది. అనఁగాఁ దిరుగఁబడినవారు నిష్కారణముగాఁ దిరుగఁబడలేదని యణఁచినవారి పత్రములే సాక్ష్యమిచ్చుచున్నవి. 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నడపిన పోరాటమును దీని కనుబంధమే. అడవి యాంక్షలు, వెట్టిచాకిరి యప్పటికిని దీఱలేదు.

ఇట్లొకవైపుఁ బన్నులు విధించుచునే యింకొకవైపు దొరతనమువారు నదిని మార్గముగాఁ జేయఁబూనిరి. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరపు టానకట్టను గట్టించిన ఆర్థరుకాటనుగారికి గోదావరిని నాగపుర బిరారుసీమల ప్రత్తిని సముద్రమునకుఁ జేర్చు జలమార్గముగాఁ జేయవలెనని గొప్ప సంకల్పముండెను. నదిలో దుమ్ముగూడెము, ఇచ్చంపల్లి, దేవలమర్రి యనుచోట్ల మూఁడు రాతియవరోధములు గలవు. వానిని దాఁటుటకు హేగుదొర పర్యవేక్షణమున ఆనకట్టలు, కాలువలు, లాకులు నారంభింపఁబడెను. కొండలలో జ్వరములు పనివాండ్రను బాధించెను, వ్యయము పెరిగెను, ఇనుపదారులు ముందుగా నాగపురము చేరెను. 1871 లో నీ నిర్మాణము విడువఁబడెను. దుమ్ముగూడెముకడ నాఁటి కట్టడములు నేఁటికిని జూడనగును. ఆనకట్టచేఁ గోనసీమకు గన్నవరము అక్విడక్టుమీఁదుగాఁ గాలువనీరు వచ్చి కఱవు తీఱెను. అదే నిర్మాతలు పూనిన రెండవకార్యము మాత్ర మెగువవారికి మేలుచేయకయే నిలిచిపోయెను. ఒకే నదిపై, రమారమి యొకేతరమున జరిగిన యీ రెండుకార్యములను గలిపి చదివినచోఁ గాని డెల్టాభాగ్యమును, గొండల దైన్యమును సరిగా బోధపడవు.

పొగయోడలు పోవకపోయినను దెప్పలు వచ్చుట మానలేదు. డెల్టాభూమిలోఁ గొబ్బరి, అరఁటి పుష్కలముగాఁ బండును; టేకుమాను పెరుగదు. కోనసీమయందలి పూర్వపు మండువాలోగిళ్ల దూలములకును, స్తంభములకును, పడవల పలకలకును గావలసిన కలప గోదావరి యెగువ యడవులనుండియే దిగెను. మ్రాఁకులను నఱకి రేవులకు లాగి, వెదుళ్లతో దెప్పలుగాఁ గట్టి, వఱదనీటిపై రాజమహేంద్రవరమునకు విడుచుట యాచారము; అటనుండి కాలువలగుండ డెల్టాగ్రామములకు. ఆ మ్రాఁకులను నఱకినవారు కొండరెడ్లు, కోయలు. 1941 ప్రాంతమున నిజామురాష్ట్రపు టొడ్డున వసించి పరిశోధించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను పండితుఁడు కొండరెడ్లనుగూర్చి 1945 లో గ్రంథమును బ్రకటించెను. నదియొడ్డున నున్న పల్లెలవారు కలపగుత్తదారుల యప్పులలోఁ జిక్కి, పోడు కాలమునఁ బోడునకుఁ బోలేక, కూలియు సరిగాఁ బొందలేక యుండుటను, కొండలపైఁ బల్లెలలోనివారు వారికంటె స్వతంత్రులై యుండుటను ఆతఁడు వివరించెను. నది తెచ్చిన రాకపోకలే నదియొడ్డువారికి బంధనములైనవన్నమాట. భూములు గిరిజనేతరుల చేతఁబడకుండుటకు మదరాసుప్రభుత్వము 1917 లోఁ జట్టము చేసెను. ఆంధ్రప్రదేశమున 1959 లో నొక నిబంధనయు, 1970 లో దానికి దృఢతరమైన సవరణయు వచ్చెను. చట్టములు చదువుటకుఁ దగినవిగనే యున్నవి. వానిని జదివి వినిపించువారు కొండలకుఁ జేరుట యాలస్యమయ్యెను.

ఈ జనపదముల చరిత్రలో నింకొక విశేషము కలదు: జనులు కదలకుండఁగనే సీమలు కదలెను. రేకపల్లిలో నొక వృద్ధవంశము స్థిరముగా నుండినదని తలఁతము. ఆ వంశమువారు నిజాముప్రభువు పాలనలో నుండి 1860 లో మధ్యపరగణాలకును, 1874 లో మదరాసునకును జెందిరి. ఆంధ్రప్రదేశావతరణానంతరము 1959 లో భద్రాచలప్రాంతము ఖమ్మముజిల్లాలోఁ జేరెను. 2014 లోఁ దెలంగాణము వేఱుపడినపుడు కూనవరము, చింతూరు, వరరామచంద్రాపురము మున్నగు మండలములు మరల నాంధ్రప్రదేశమునకు వచ్చెను. ప్రతిమార్పునందును గచ్చేరి మాఱెను, పత్రములు మాఱెను, పన్ను మాఱెను. ఒక సీమయొక్క చరిత్రపత్రములు నాలుగైదు రాజధానులలోఁ జెల్లాచెదరుగా నుండుటకు నిదియే కారణము. పరిశోధకులు దానిని విడిచిపెట్టుటకును నిదియే హేతువు కాఁదగును.

సీమలు మార్చఁగలిగినవారు వఱదను మార్పఁజాలరు. 1953, 1986, 2022 సంవత్సరములందలి గొప్ప వఱదలలో నెగువయు, దిగువయు నొక్కటియే యయ్యెను. 1986 ఆగస్టు 16 న భద్రాచలముకడ నీటిమట్టము 75.6 అడుగులకెక్కెను, 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చెను. భద్రాచలముకడ నేఁడెక్కిన నీరు తరువాత లంకగ్రామముల ముంగిటికి వచ్చుననుట కోనసీమవారికి ననుభవసిద్ధము. అందుచే దిగువవారు భద్రాచలపు మట్టము నడుగుచు రాత్రులు గడపుదురు. పంచాంగములోని వర్షఫలముకంటె నా యొక్క సంఖ్యయే వారికి దృఢప్రమాణము. యెగువవారి యాపదను దిగువవారు తమ యాపదకు ముందువార్తగా మాత్రము వినుట న్యాయమా యని విచారింపవలసియున్నది.

ఇపుడు సంభవించుచున్నది వఱదవంటిది కాదు. వఱద వచ్చి పోవును. జలాశయము వచ్చి నిలుచును. పోలవరముప్రాజెక్టునకు 1980 లో శంకుస్థాపన జరిగెను. 2004 తరువాతఁ బని సాగెను. 2014 లో నది జాతీయప్రాజెక్టుగాఁ బ్రకటింపఁబడెను. 2021 జూన్‌లో నదీప్రవాహము స్పిల్‌వేగుండ మరలింపఁబడెను. దాని పూర్ణమట్టము 150 అడుగులు. ఏడులక్షల యెకరములకు మించి క్రొత్తసాగు, 960 మెగావాట్ల విద్యుత్తు, పట్టణములకు మంచినీరు దాని ప్రయోజనములుగాఁ జెప్పఁబడుచున్నవి. అవి తృణీకరింపఁదగినవి కావు. కాలువనీటి మహిమను గోనసీమకంటె నెక్కుడుగా నెఱిఁగిన సీమ లేదు. అయితే దాని మూల్యముగా మూఁడువందలడెబ్బదికి మించిన జనపదములు, లక్షకుఁ బైఁబడిన కుటుంబములు స్థానభ్రంశము నొందవలసినట్లు లెక్కలు గలవు. దేవీపట్నము, తొయ్యేరు, పూడిపల్లి మున్నగు గ్రామముల నిప్పటికే నీరు ముంచెను. ప్రోలయనాయకుని రేకపల్లియున్న వరరామచంద్రాపురమండలమును ముంపునకు లోనగు మండలములలోనిది. కొండరెడ్లు గుడిసెలు విడిచి, మైదానమునఁ గట్టిన వరుసయిండ్ల కాలనీలకుఁ బోవుచున్నారు. వారికి ధనము, ఇల్లు, భూమి న్యాయముగా లభింపవలెననుట నిర్వివాదము. అది పాలకుల కర్తవ్యము. పండితుల కర్తవ్యము వేఱొకటి కలదు.

ఒక యూరు మునిఁగినపుడు మునుఁగునవి యిండ్లు మాత్రమే కావు. ప్రతిరేవునకు నొక పేరుండును. ప్రతిగండికి, ప్రతిసుడికి, ప్రతిరాతిగుండునకు నొక పేరును, దానికొక కథయు నుండును. భూదేవిపండుగకు, మామిడిపండుగకు నేచెట్టుక్రింద నేమి చెప్పుదురో, చిత్తజల్లులకు ముందు నేవిత్తనము చల్లుదురో, కఱవునాఁట మామిడిటెంకలోని జీడిని నానవేసి జావకాఁచుకొనుట యెట్లో, యివన్నియు స్థలముతో ముడివడిన విద్యలు. శాసనములున్న గ్రామము మునిఁగినను శాసనపాఠము పత్రికలో మిగులును. శాసనములేని గ్రామమునకు స్థలనామములే శాసనములు, వృద్ధుల వాక్కులే తామ్రపత్రములు. స్థలము పోయిన పిమ్మట నామము కొన్నినాళ్లు నాలుకపై నుండి, పిల్లలు పెద్దలగునప్పటికి నదియుఁ బోవును. కొండరెడ్ల తెలుఁగు మైదానపు బడులలో నొక తరమునఁ గరఁగిపోవుట కవకాశము గలదు. అపుడు దేశ్యశబ్దములకు గొప్ప యాకర మొకటి, సూత్రములు వ్రాసికొనుటకు మనము కలములు సవరించుకొనుచుండఁగనే, నశించును.

ఈ పని దుస్సాధమైనది కాదు. పునరావాసగ్రామములు నేఁడు బండిదారులపై నున్నవి. పూర్వమువలెఁ బడవకై వేచియుండ నక్కఱలేదు. ఒక్కొక్క పాఠశాలాపండితుఁడు సెలవుదినములలో నొక్కొక్క మునిఁగిన యూరిని గ్రహించి, యా యూరివారియొద్దఁ గూర్చుండి, రేవుల పేరులను, వంశముల పేరులను, పనిముట్ల పేరులను, వారు పలికినది పలికినట్లే వ్రాసికొనినచోఁ గొలఁదియేండ్లలో నొక కోశము సిద్ధమగును. ఉచ్చారణమును సంస్కరింపఁబోరాదు, సాధుత్వవిచారము గ్రంథకర్తలకుఁ గాని సాక్షులకుఁ గాదు. సాక్షివాక్యమును దిద్దినవాఁడు ప్రమాణమునే చెఱచినవాఁడగును.

ఏడువందలయేండ్లక్రిందట దేశము చెదరినపుడు రేకపల్లి యొక ప్రభువునకు నీడనిచ్చెను. ఆ ప్రభువు విలస నొక విద్వాంసున కిచ్చెను. అట్లు కోనసీమయం దొక విద్యాకుటుంబము నిలిచెను. ఆ దానపుఁ బత్రములో విలస పేరును, రేకపల్లి పేరును నొక్క తామ్రముపైనే చెక్కఁబడినవి. విలస నేఁటికిని గొబ్బరితోఁటల నడుమ నున్నది. రేకపల్లి సీమకు నీరు వచ్చుచున్నది. దానము పొందినవారు దాతకుఁ బ్రత్యుపకారము చేయుట ధర్మము. విద్యాదానమునకుఁ బ్రత్యుపకారము విద్యచేతనే కావలెను గనుక, కోనసీమ పండితు లెగువవారి పేరులను వ్రాసి నిలుపుటయే యా ఋణమును దీర్చు మార్గము.